కేసు షీటు అడగడం తప్పు కాదు



"ఆపరేషన్ బాగానే జరిగింది. వారం తిరిగేసరికి కుట్ల దగ్గర చీము పట్టింది. ఏ మందుకూ లొంగడం లేదు." ఇలాంటి మాట మన బోయిగూడలో మీరూ వినే ఉంటారు. ఆసుపత్రిలో సోకే క్రిముల్లో కొన్ని మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగవు. ఖరీదైన ఇంజక్షన్లు, వారాల తరబడి మంచం, వాటితోపాటు అప్పులు. "ఇది మా తలరాతా, ఎవరిదైనా పొరపాటా?" అని ఇంటివారు కుమిలిపోతారు.

ఆ ప్రశ్న అడిగే హక్కు మీకుంది. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. వారిలో నలుగురు చనిపోయారు. ఇన్ఫెక్షనే కారణమని విచారణలో తేలింది. అడిగేవారు ఉండబట్టే ఆ నిజం బయటపడింది.

డబ్బు చెల్లించి పొందే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నష్టం జరిగిన రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. అందరికీ పూర్తి ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రికి ఈ చట్టం వర్తించదు. అక్కడ జరిగిన నష్టానికి సివిల్ కోర్టు, హైకోర్టు ఉన్నాయి. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, తక్కువ ఆదాయం గలవారికి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు.

అయితే ఒక మాట. మొండి క్రిమి సోకినంత మాత్రాన డాక్టరు తప్పు చేసినట్టు కాదు. ఎంత జాగ్రత్తగా ఉన్నా కొందరికి సోకుతుంది. చేతులు కడగలేదా, పరికరాలు సరిగా శుద్ధి చేయలేదా, జ్వరం వచ్చినా పట్టించుకోలేదా అన్నది తేలాలి. అది తేల్చేవి కాగితాలే. అందుకే కల్చర్ రిపోర్టు, కేసు షీటు నకలు, బిల్లులు దాచుకోండి. రోగి రాసి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి.

"అడిగితే డాక్టరుగారికి కోపం వస్తుందేమో" అని చాలామంది జంకుతారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రికార్డు ఇవ్వడానికి వెనకాడే ఆసుపత్రి రోగి నమ్మకాన్ని పోగొట్టుకుంటుంది. ఈ మాట మన ఆసుపత్రికీ వర్తిస్తుంది. మా దగ్గరా అడగండి. మీరు అడిగితేనే మా చేతులు మరింత శుభ్రంగా ఉంటాయి.