ఆమేన్ పలుకుటకు ముందు

ప్రార్థన లేని క్రైస్తవగృహము తెలుగునాట లేదని మన పెద్దలు గర్వముతో జెప్పుకొనుచుందురు. లేవగానే ప్రార్థన, భోజనమునకు ముందు ప్రార్థన, ప్రయాణమునకు ముందు ప్రార్థన, నిద్రకు ముందు ప్రార్థన. ఇది చాలవఱకు నిజమే. ఇందులకు మేమును సంతోషించుచున్నాము. కాని ప్రార్థన చేయుచున్నామా యను ప్రశ్న వేఱు, చేయ నేర్చితిమా యను ప్రశ్న వేఱు. మొదటిదానికి బదులు చెప్పుట సులభము. రెండవదానిని మనము చిరకాలమునుండి తప్పించుకొని తిరుగుచున్నాము. చదువరులు కోపగించుకొన్నను సరియే, నేడు దానినే యడుగ దలచితిమి.

కొంతకాలము క్రిందట మేమొక యింట ప్రధానపు మాటలకు బోయి కూర్చుంటిమి. ఇరువైపులవారును సంఘమున బేరుగలవారు, చదువుకొన్నవారు. కట్నమను మాట నెవ్వరును నోటరానీయలేదు. పిల్లకు మీరేమి పెట్టదలచితిరని మాత్రమే యడిగిరి. చెప్పినది చాలక మఱల నడిగిరి. రెండుగంటలు బేరము సాగెను. తుదకు బిల్లతండ్రి తన యూరిలోని రెండెకరముల మాగాణి నమ్ముట కొప్పుకొనెను. వెంటనే వరుని పెదతండ్రి లేచి, కన్నులు మూసికొని, యీ సంబంధమును గుదిర్చినందులకు దేవునికి స్తోత్రములు చెల్లించుచు బావుగంటసేపు ప్రార్థించెను. కంఠము గద్గదమయ్యెను, కన్నీరును గారెను. పిల్లతండ్రి పెదవులు కదలినవి గాని శబ్దము రాలేదు. తక్కినవారందఱును ఆమేన్ అనిరి. మేమును అంటిమి, గట్టిగనే యంటిమి. ఆ దినమునుండి యా మాట మా గొంతులో ముల్లువలె నిలిచియున్నది. ఈ వ్యాసమునకు గారణ మదియే.

ఆ పెద్దమనిషి కపటియని మేమనుట లేదు. ఆయన కన్నీరు నిజమైనదే. భయపడవలసినది అందులకే. మనస్సు కరగుటయే చిత్తశుద్ధియని మనము నేర్చికొంటిమి. మనస్సు పాటకును గరగును, నాటకమునకును గరగును. ఆ కరగుదలవలన నెదుటి మనుష్యుని రెండెకరములు వానికి దక్కవు గదా! కట్నము పుచ్చుకొనుట నేరమని 1961లో బ్రభుత్వము చట్టము చేసెను. న్యాయస్థానమునకు దెలిసిన పాపము మన ప్రార్థనకు దెలియకపోయెననిన, మనము ప్రార్థించుచున్నది ఏ సన్నిధినో విచారింపవలదా?

ప్రార్థన నేర్వవలసిన విద్య యని మేము క్రొత్తగా జెప్పుటలేదు. శిష్యులే యేసునొద్దకు వచ్చి, యోహాను తన శిష్యులకు నేర్పినట్లు తమకును ప్రార్థన నేర్పుమని యడిగినట్లు లూకా వ్రాసినాడు. వారు యూదులు, పసితనమునుండి ప్రార్థనలు వినుచు బెరిగినవారు. అట్టివారే నేర్పుమని యడిగిరి. మనకు మాత్రము నేర్వవలసినది మిగిలియున్నట్లే తోచదు.

వారికి నేర్పబడిన ప్రార్థన యెంత చిన్నది! మెల్లగా జెప్పినను నిమిషము పట్టదు. అందులో 'నా' యను మాట యొక్కటియు లేదు. ఉన్నదెల్ల 'మా' యే. తెలుగువాని కీ మాట విశేషముగా బోధపడవలెను. ఒకరిముందు 'మా' యని నిలిచినవాడు ఆ యొకరిని విడిచి తక్కిన తనవారినందఱిని గలుపుకొనును. దేవునియెదుట 'మా' యనునప్పుడు వెలుపల నుండువాడు దేవు డొక్కడే; పనిమనిషియు, పొరుగువాడును, భూమి నమ్ముకొనుచున్న వియ్యంకుడును ఆ 'మా'లోని వారే. ఆహార మడిగినను వారికిని గలిపి యడుగుచున్నాము. పిదప మఱొక విశేషము: ఆ ప్రార్థన ముగించినవెంటనే యేసు మఱల నెత్తుకొని వివరించినది క్షమాపణమునుగూర్చిన మాట నొక్కదానినే. తోడివానిని క్షమింపనివానికి క్షమాపణము లేదని ఖండితముగా జెప్పెను.

మనము దీనిని తలక్రిందులు చేసితిమి. క్లుప్తముగ నున్నదానిని దీర్ఘము చేసితిమి. తలుపు మూసికొని చేయవలసినదానికి మైకులు గట్టితిమి. ఎంత బిగ్గరగ నఱచిన నంత శక్తి యని కొందఱు, ఎంతసేపు సాగించిన నంత ఫలమని కొందఱు బోధించుచున్నారు. టెలివిజనులో నంకె చూపి, అవసరతను దెలుపుడు, కానుకను బంపుడు, మీకొఱకు మేము ప్రార్థింతుమను వారును గలరు. వీసాకు, ఉద్యోగమునకు, పరీక్షలో మార్కులకు ప్రార్థించుట తప్పనము. బిడ్డ తండ్రి నేమైనను అడుగవచ్చును. కాని యడుగుట తప్ప మఱొకటి యెఱుగని బిడ్డను ఏ తండ్రియు జూచి మురియడు.

ఇందుల కొక యాక్షేపణ కలదు. విసుగక ప్రార్థింపవలెనని చెప్పుటకు విధవరాలి కథను యేసే చెప్పలేదా? చెప్పెను. కాని యా విధవరా లేమి యడిగినది? తనకు న్యాయము తీర్పుమని యడిగినది. అన్యాయము పొందినవారు దినదినమును వచ్చి తలుపు తట్టుట వేఱు. మాటల సంఖ్యచేత దేవుని లొంగదీయ జూచుట వేఱు. ఈ రెండవదానినే కొండమీది ప్రసంగము నిషేధించినది. పైగా, కట్నపు బేరము జరిగిన యింట ఆ విధవరాలి స్థానమున నున్నది పిల్లతండ్రియే గాని ప్రార్థించిన పెద్ద కాదు. ఆ మూగ పెదవులే యా రాత్రి దేవుని తలుపు తట్టినవని మా నమ్మకము.

ప్రార్థన ఫలింపకుండుటకు గారణములు వేదమున దాచబడలేదు. సహోదరునికి నీమీద నేదైన నున్నదని బలిపీఠమునొద్ద జ్ఞప్తికి వచ్చినయెడల, అర్పణము నక్కడనే విడిచి మొదట వానితో సమాధానపడి రమ్మని మత్తయి సువార్తలో నున్నది. చేతులు రక్తముతో నిండియుండగా నెన్ని ప్రార్థనలు చేసినను వినబడవని యెషయా మొదటి యధ్యాయము చెప్పుచున్నది. పేతురు మన యింటిలోనికే వచ్చినాడు: భార్యను సన్మానింపని భర్త ప్రార్థనలకు అభ్యంతరము కలుగునని తన మొదటి పత్రికలో వ్రాసినాడు. ఈ వాక్యములను మనము చదువకపోలేదు. చదివి, ప్రక్కయింటివానికి జెప్పితిమి.

మన యింటివి కొన్ని యడిగికొందము. కుటుంబప్రార్థనవేళ ఇల్లాలు వంటయింట బొగలో నుండగా యజమానుడు ఆమె పక్షమున గూడ స్తోత్రములు చెప్పునా? పనిమనిషికి నెలజీతము నాలుగుదినములు నిలిపినవాడు అనుదినాహారమును ఏ నోట నడుగును? ఒకే రొట్టెలో బాలుపొందినవారు పిల్లల పెండ్లిమాట వచ్చునప్పటికి మాలలని, మాదిగలని, మఱియొకరని విడిపోవుదురేని, ఆ 'మా' యను మాట కర్థమేమి?

అట్లయిన నీతిమంతులు తప్ప నెవ్వరును ప్రార్థింపరాదా యని యడుగుదురేమో. కాదు. ఱొమ్ము గొట్టుకొని కరుణింపుమని వేడిన సుంకరి నీతిమంతుడు గాడు. వాని ప్రార్థనయే యంగీకరింపబడినది. కాని చదువరులు లూకాను అక్కడ నాపవలదు. మఱుసటి యధ్యాయమున మఱియొక సుంకరి, జక్కయ, తన యాస్తిలో సగము బీదల కిత్తునని, అన్యాయముగ దీసికొన్నదానికి నాలుగంత లిత్తునని నిలిచి పలికినాడు. మొదటి సుంకరి ఱొమ్మును, రెండవ సుంకరి సంచియు గలిసిననే ప్రార్థన సంపూర్ణము. మనకు మొదటివాడు ప్రియుడు. రెండవవానిగూర్చి పిల్లలకు మేడిచెట్టు కథ చెప్పి ముగింతుము.

పని చాలును, ప్రార్థన యేల యను మఱొక వాదము. దీనికి మన తెలుగునేలయే సమాధానము చెప్పగలదు. 1854 జనవరి మొదటి తేదీని లైమన్ జూయెట్ మఱికొందఱితో గూడి ఒంగోలు కొండపైన దెల్లవాఱుజామున బ్రార్థించెను. అప్పటికి వారి మిషను మూతపడునో నిలుచునో యన్న స్థితిలో నుండెను. తరువాత వచ్చిన జాన్ క్లౌ, 1876-78 కఱవులో బకింగ్‌హాం కాలువలో గొంతభాగము త్రవ్వించు కంట్రాక్టును బుచ్చుకొని, ఆకలిగొన్నవారికి బనియు గూలియు జూపెను. కూటికొఱకు మతము మార్చితి రనుమాట రాకుండ, కఱవు తీఱువఱకు బాప్తిస్మముల నాపెను. అటుపిమ్మట 1878 జులై 3వ తేదీని గుండ్లకమ్మ యేటిలో నొక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కొండమీది ప్రార్థనను మనము తలచుకొందుము. కాలువలోని పార నంతగా దలచుకొనము. పార లేనిచో ఆ ప్రార్థనకు జేతులు లేవు. ప్రార్థన లేనిచో నంత కఱవులో ఆ పార నెత్తుటకు ధైర్యమెక్కడిది?

కాన నేర్వదలచినవారికి మా మనవి స్వల్పము. నోరు తెఱచుటకు ముందు కొంతసేపు ఊరక కూర్చుండుడు. ఆ దినమున మీవలన నొచ్చినవారి పేరొకటి తప్పక మనస్సునకు వచ్చును. దానిని త్రోసివేయకుడు, అదియే మీ ప్రార్థన యొక్క మొదటి మాట. తీర్పదగినది తెల్లవాఱగనే తీర్పుడు. పిమ్మట మీ యక్కఱ నడుగుడు. నాలుగు మాటలు చాలును. ఇంటిలో ఆడవారును, పిల్లలును, పనివారును గూర్చుండిన పిదపనే పుస్తకము తెఱవుడు. ఒక్కొక్కదినము వారిచేతనే ప్రార్థన చేయింపుడు. గెత్సేమనేలో యేసు తన కోరికను దాపక చెప్పి, పిమ్మట దండ్రి చిత్తమునకు దన్ను విడిచెను. మనమును అడుగవచ్చును, విడుచుటకును సిద్ధపడవలెను.

ఆమేన్ అనునది హీబ్రూమాట. స్థిరమని, సత్యమని దాని భావము. అది దస్తావేజు క్రింద జేయు వ్రాలువంటిది. చదువక వ్రాలు చేయుట లోకవ్యవహారముననే తెలివితక్కువ. ఆ రాత్రి మేమట్టి వ్రాలు చేసితిమి. ఒక బీదతండ్రి మాగాణి యమ్మకమునకు దేవుని సాక్షిగా బిలిచితిమి. ఇక మీదట నట్టిచోట మేము ఆమేన్ అనము. ప్రార్థన ముగిసిన పిదప లేచి, అయ్యా, ఆ పొలము వారికే యుండనిం డని చెప్పుదుము. మర్యాద తప్పితిమని కొందఱు నొచ్చుకొందురు గాక. చదువరులలో బెండ్లికి గుమారులున్నవారు ఆ మాట మాచేత జెప్పించుకొనక, తామే ముందుగా బలుకుదురని నమ్ముచున్నాము.