సింగూరుకూ ఏడుపాయలకూ నడుమ

మంజీర పేరెత్తగానే పట్నపోళ్లకు సింగూరు గుర్తొస్తుంది. 29.9 టీఎంసీల డ్యాం కాబట్టి గుర్తుండాలి కూడా. భక్తులకు ఏడుపాయల, శివరాత్రి జాతర. ఈ రెండింటి నడుమ కూడా ఏరు ఉంది. బాలాఘాట్ గుట్టల్లో పుట్టి ఆగ్నేయంగా వచ్చిన మంజీర సంగారెడ్డి దగ్గర ఉత్తరానికి మళ్లుతుంది. మా హత్నూర మండలం ఆ మలుపు దాటినంక వస్తుంది. 724 కిలోమీటర్ల నదిలో మా దరి ఎవరి నోటా రాదు.

రాయడానికి ఏమీ లేకనా? మా మండలంలో రెండు ఖానాపూర్‌లున్నాయి. ఒకటి రెడ్డి ఖానాపూర్, ఇంకొకటి తుర్కల ఖానాపూర్. నిజాం కాలపు పల్లె ఎట్లా కలిసి బతికిందో ఆ రెండు పేర్లే చెప్తాయి. సేత్వార్‌లు, 1954-55 ఖాస్రా పహాణీలు తిరగేస్తే ఏ పొలం ఎవరిదో, ఏ కుంట కింద ఎంత మాగాణి పారిందో తెలుస్తుంది. ఆ కాగితాలను భూమి తగాదా వచ్చినప్పుడే బయటికి తీస్తాం. జర్మనీలో మోజెల్ నది ఒడ్డున కొద్దిపాటి ఇళ్లున్న ఊళ్లు కూడా తమ చరిత్రను పుస్తకంగా అచ్చు వేసుకుంటాయి. మనకు ఆ పాటి చరిత్ర లేదా?

2016లో సంగారెడ్డి జిల్లాలో పడ్డాం. ఓటు మాత్రం నర్సాపూర్ నియోజకవర్గంలో, అంటే మెదక్ జిల్లా వైపు. ఎవరి లెక్కలోనైనా మేము చివరనే.

మా దాకా వచ్చింది మాత్రం విషం. పటాన్‌చెరు ఫ్యాక్టరీల మురుగు ఇస్కవాగు, నక్కవాగుల గుండా మంజీరలో కలిసింది. 1990లోనే ఆ గోస సుప్రీంకోర్టుకెక్కింది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు శుద్ధి కేంద్రం వదిలే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చారు. ఆ మందు మింగిన రోగి నెత్తుట్లో కూడా అంత ఉండదు. ప్రపంచమంతా పటాన్‌చెరు పేరు చదివింది. కింద ఆ ఏటి నీళ్లతో వరి పండించుకునే ఊళ్ల పేర్లు ఎవరూ అడగలేదు.

మా ఊళ్లకు బిరుదులు అక్కర్లేదు. ఇసుకలో చెలిమె తోడి నీళ్లు తాగిన ముసలోళ్లు ఇంకా ఉన్నారు. ఏ రేవులో ఏరు దాటేవారో, వరద ఏ గడప దాకా వచ్చిందో వాళ్ల నోటనే ఉంది. సంగారెడ్డి, నర్సాపూర్ కాలేజీల్లో చరిత్ర చెప్పే సార్లూ, మేడమ్‌లూ, మీ పిల్లలను ఒక్క ఎండాకాలం మా ఊళ్లకు పంపండి. ఏటి గడ్డ మీద కూర్చోబెట్టి ఆ ముసలోళ్లు చెప్పింది రాయించండి. ఆలస్యం చేయకండి, ఆ తరం వాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.