అడిగితేనే అక్షర నిధి

మా ఊళ్లో చదువు మీద ప్రాజెక్టు చేయాలి, ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి? ఎమ్మే సోషియాలజీ, ఎకనమిక్స్ విద్యార్థుల్లో చాలామందికి ఎదురయ్యే ప్రశ్నే ఇది. జవాబు యూనివర్సిటీ లైబ్రరీలో ఉంది.

రిఫరెన్స్ విభాగంలో జిల్లా జనాభా లెక్కల పుస్తకాలు అడిగి చూడండి. ఊళ్లో ఎంతమంది అక్షరాస్యులు, బడి ఉందా, ఆస్పత్రి ఎంత దూరం... 2011 నాటి వివరాలు ఊరివారీగా ఉంటాయి. ఆ అంశంపై ఇప్పటికే ఎవరైనా పరిశోధన చేశారేమో 'శోధ్‌గంగ'లో వెతకొచ్చు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహిస్తున్న ఈ వెబ్‌సైట్లో 5 లక్షలకు పైగా సిద్ధాంత వ్యాసాలున్నాయి. ఇంటి దగ్గర కూర్చుని ఉచితంగా చదువుకోవచ్చు. ఖరీదైన జర్నళ్ల సంగతంటారా? 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం 2025 జనవరిలో మొదలైంది. దాని కింద ప్రభుత్వ విద్యాసంస్థల విద్యార్థులకు దాదాపు 13 వేల జర్నళ్లను అందుబాటులోకి తెచ్చారు.

ఇన్ని ఉన్నా, ఇంట్లో తొలిసారిగా యూనివర్సిటీ గడప తొక్కిన పిల్లలు కౌంటర్ దగ్గర నోరు విప్పడానికి మొహమాటపడతారు. ఫలితం... ఎవరో ఎప్పుడో తేల్చేసిన విషయం కోసమే నెలల తరబడి శ్రమ! అందుకే, హాస్టల్‌కి బయల్దేరే పిల్లలకు జాగ్రత్తలతోపాటు ఇంకో మాటా చెప్పి పంపండి: 'ముందు లైబ్రేరియన్‌ని అడుగు!'