చెట్టు కల్లు వేరు, సీసా కల్లు వేరు

కల్లు మాట ఎత్తగానే మధ్యతరగతి గృహములలో రెండు విధములైన సమాధానములు వినిపిస్తాయి. "అది మన ఇంటి మాట కాదు" అని ముఖము త్రిప్పుకొనువారు కొందరు. "పండుగకు ఊరికి పోయినపుడు ఒక లొట్టి చెట్టు కల్లు త్రాగితే ఒంటికి చలువ" అని ముచ్చటపడువారు మరికొందరు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములతో సంబంధము గలవాడిని గనుక, కల్లు రుచి ఎరిగినవాడిని గనుక, ఈ రెండవ వర్గమువారు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది: "మంచి కల్లును గుర్తుపట్టుట ఎట్లా?"

నా అభిప్రాయమును ముందుగానే చెబుతాను. నాలుకతో కల్లును ఎంచుకొనే కాలము గడిచిపోయినది. నేడు ఎంచుకోవలసినది చెట్టును, గీసే మనిషిని, దింపిన వేళను. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తెలియకపోయినా ఆ కల్లు ముట్టరాదు.

రుచి విషయములో మన పల్లెలకు ఒక విద్యయే ఉండేది. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలోనైనా, వనపర్తి చెరువు గట్ల మీదనైనా, నల్లమల అంచున అచ్చంపేట వైపునైనా, అనుభవజ్ఞులైన పెద్దలు ఒక్క గుక్కతో ఈత కల్లో తాటి కల్లో చెప్పగలరు. ఈత చెట్టుకు మొవ్వు దగ్గర మానును చెక్కి రసము తీస్తారు. అది చలికాలపు కల్లు, తేలికగా, తీయగా ఉంటుంది. తాటికి గెలను గీస్తారు. ఆ రసము చిక్కగా, కొంచెము ఘాటుగా ఉంటుంది. పోతుతాడు కల్లు వేరు, పండుతాడు కల్లు వేరు అని గీత కార్మికులు భేదము చెబుతారు. తెల్లవారుజామున దింపినది ఒక రుచి, మాపటి వేళ దింపినది మరొక రుచి. తాటాకు మడిచి పట్టిన రేకలో త్రాగినప్పుడు పచ్చి ఆకు వాసన కూడ ఆ రుచిలో కలుస్తుంది.

ఈ భేదములకు కారణము సులభముగా తెలిసికొనవచ్చును. చెట్టు నుండి కారే రసములో 100 పాళ్ళకు 10 మొదలు 14 పాళ్ళ వరకు చక్కెర ఉంటుంది. లొట్టిలోను, గాలిలోను ఉండే ఈస్టు, సూక్ష్మజీవులు రసము కారుచుండగానే దానిని పులియబెట్టుట మొదలుపెడతాయి. కొద్ది గంటలలోనే మద్యసారము పుట్టి, ఒక దినములో సుమారు 4 నుండి 6 శాతమునకు చేరుతుంది. ఇంకను నిలువ ఉంచితే పులుపెక్కి చివరకు వినిగరు వంటి ద్రవమవుతుంది. లొట్టి లోపల సున్నము పూసి పులియుటను ఆపినచో అదే నీరా. దానిని కాచినచో తాటి బెల్లము. కనుక "ఉదయపు కల్లు మద్యము కాదు, పాల వంటిది" అనుట పొరపాటు. అది తక్కువ పులిసిన మద్యము, అంతే. చలువ అని పసిపిల్లలకు పట్టుట, బాలింతలకు ఇచ్చుట, మధుమేహము, కాలేయ వ్యాధి ఉన్నవారు సేవించుట ఎంతమాత్రము తగదు.

ఇక ప్రపంచములో రుచి చూచి ఎంపిక చేయుట ఎట్లా సాగుతున్నదో ఒక ఉదాహరణ చూడుడు. మెక్సికో దేశములో కిత్తనార జాతి మొక్కల నుండి టెకీలా అను మద్యము చేస్తారు. అదే జాతి మొక్కల తీపి రసమును పులియబెట్టి త్రాగే పుల్కే అను పానీయము అక్కడ ఎంతో ప్రాచీనమైనది. అది మన కల్లుకు దూరపు చుట్టము. టెకీలా మాత్రము మొక్క దుంపను ఉడికించి, పులియబెట్టి, బట్టీ పట్టి చేసే గాఢమైన మద్యము. ఆ పేరుకు 1974లో ఆ దేశము చట్టరక్షణ కల్పించినది. నీలి కిత్తనార చక్కెర కనీసము 51 శాతము లేనిదే ఆ పేరు పెట్టరాదు. పూర్తిగా ఆ మొక్కతోనే చేసినచో "100 శాతము" అని సీసా మీద వ్రాస్తారు. పీపాలో కనీసము రెండు నెలలు నిలిచినది రెపొసాదో. ఏడాది నిలిచినది అన్యేహో. ఏ బట్టీలో తయారైనదో తెలిపే సంఖ్య ప్రతి సీసా మీద ఉంటుంది. మన చిత్తూరు జిల్లాలో కిత్తనారతో చేసిన మద్యము 2011లో బజారుకు వచ్చినపుడు దానికి కూడ టెకీలా అను పేరు పెట్టుకొనుటకు వీలు లేకపోయినది. అక్కడి రసికుడు ముందుగా చీటీ చదువుతాడు, తరువాత వాసన చూస్తాడు, ఆ తరువాతనే నాలుకకు పని చెబుతాడు. ఆ మద్యము ఆరోగ్యమునకు మంచిదని నేను అనుట లేదు. తాను ఏమి త్రాగుచున్నాడో తెలిసికొను హక్కు అతనికి ఉన్నదని మాత్రమే చెబుతున్నాను.

మన కల్లు దుకాణములోని సీసాకు ఆ చీటీ లేదు. ఏ చెట్టుదో, ఎవరు గీసినదో, ఎప్పుడు దింపినదో తెలియదు. అసలు సంకటము ఇక్కడ ఉన్నది. చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ. కొద్ది కల్లులో నీరు కలిపి, తీపికి సాకరిన్, మత్తుకు క్లోరల్ హైడ్రేటు, డయజిపామ్, అల్ప్రజోలం వంటి మందులు కలుపుట తెలంగాణలో దశాబ్దములుగా పట్టుబడుచున్న నేరము. అల్ప్రజోలం మాత్రలో వైద్యులు సాధారణముగా వ్రాసే మోతాదు పావు లేక అర మిల్లీగ్రాము. అంత సూక్ష్మమైన పదార్థమును పులిసిన కల్లులో ఏ నాలుక పసిగట్టగలదు? "నాకు రుచి తెలుసు, నన్నెవరూ మోసగించలేరు" అనువారిని చూస్తే నాకు భయము. మద్యమునకు ఈ మత్తుమందు తోడైనపుడు ఊపిరి మందగించి ప్రాణమునకే ముప్పు రావచ్చును. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతములో కల్తీ కల్లు త్రాగి పలువురు మరణించిన సంగతి మన కళ్ళ ముందు జరిగినదే.

దీనికంటె దారుణమైనది మరొకటి ఉన్నది. ఇట్టి కల్లుకు అలవాటుపడిన దేహము అది అందని నాడు తల్లడిల్లుతుంది. 2015 సెప్టెంబరులో కల్తీ మీద దాడులు ముమ్మరమైనపుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్, మెదక్ జిల్లాలలో ఎందరో వణుకుతో, మతిభ్రమతో, ఫిట్సుతో ఆసుపత్రుల పాలైనారు. అప్పటికి మన మూడు జిల్లాలు మహబూబ్‌నగర్‌లోనే ఉన్నవి. 2016 అక్టోబరు 11న వేరుపడినవి. కల్తీ ఆగుట మంచిదే. అయితే ఆగిన మరునాడు ఆ రోగిని పట్టించుకొను ఏర్పాటు కూడ వెంట ఉండవలెను గదా!

ఈ విషయములో మన శాస్త్రము చెప్పినది నేటికిని ఆలోచింపదగినది. చరక సంహిత చికిత్సాస్థానములో మదాత్యయమునకు ఒక అధ్యాయమే ఉన్నది. విధి తప్పి సేవించిన మద్యము రోగకారకమని చెప్పి, అన్నపానములు, వయస్సు, వ్యాధి, బలము, కాలము, దోషములు, మనోబలము ఎరిగి వ్యవహరింపవలెనని ఆ గ్రంథము ఆదేశించినది. పానీయము ఏమిటో తెలియనివానికి ఈ విచారణకు తావేది? అదే గ్రంథము సూత్రస్థానము 7వ అధ్యాయములో, చెడు అలవాటును ఒక్కుమ్మడిగా కాక పాదాంశ క్రమమున, అనగా నాలుగవ వంతు చొప్పున, విడువవలెనని ఉన్నది. మత్తుమందు అలవాటును వైద్యులు మోతాదు తగ్గించుచు మాన్పించే నేటి పద్ధతి కూడ ఈ దారినే పోవుచున్నది.

కావున గృహిణులకు నా ప్రత్యేక మనవి. ఇంట్లో పెద్దవారెవరైనా రోజూ దుకాణపు కల్లు త్రాగేవారైతే, కోపముతోనో ఒట్టు వేయించుకొనో ఒక్క రోజులో మాన్పింపరాదు. మానిన ఒకటి, రెండు దినములలో నిద్ర పట్టకపోవుట, చేతులు వణకుట, చెమటలు పట్టుట, తనలో తాను గొణుగుకొనుట, లేని మనుషులు కనిపించుట మొదలైతే అది దయ్యమూ కాదు, గాలీ కాదు. నిమ్మరసము, మజ్జిగ, కషాయము అని కాలయాపన చేయరాదు. ఇది వంటింటి వైద్యమునకు లొంగే స్థితి కాదు. వెంటనే జిల్లా ప్రభుత్వ ఆసుపత్రికి తీసికొనిపోయి, "కల్లు అలవాటున్నది, రెండు రోజులుగా లేదు" అని సిగ్గుపడక వైద్యునికి చెప్పవలెను. ఆ ఒక్క మాట దాచినందువలన చికిత్స తప్పుదారి పట్టవచ్చును. సలహా కొరకు 14416 అను టెలిమానస్ ఉచిత సంఖ్యకు ఫోను చేయవచ్చును.

ప్రభుత్వమునకు చేయు విన్నపము కూడ ఒకటి ఉన్నది. మన రాష్ట్రములో గీత కార్మికుల సహకార సంఘములకు, చెట్టు లెక్కన విడిగా గీసుకొనువారికి లైసెన్సులు ఇస్తున్నారు. అనగా చెట్ల లెక్క కాగితము మీద ఉన్నట్లే. ఒక దుకాణమునకు ఎన్ని చెట్లున్నవి, అవి దినమునకు ఎంత కల్లు ఇవ్వగలవు, ఆ దుకాణములో ఎన్ని సీసాలు అమ్ముడుపోవుచున్నవి అను మూడు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి దుకాణము ముందు బోర్డు పెట్టించినచో సగము కల్తీ బయటపడుతుంది. చెట్టు ఇచ్చినదాని కంటె ఎక్కువ అమ్మినచో ఆ మిగులు ఎక్కడిది? దీనివలన మొదట లాభపడేవాడు మోకు కట్టుకొని ప్రాణములొడ్డి చెట్టెక్కే నిజాయితీపరుడైన గీత కార్మికుడే. నేడు కల్తీ వలన అతని కష్టమునకు విలువ లేదు, అతని కల్లుకు పేరు లేదు.

అంతవరకు నా సలహా ఒక్కటే. కల్లు మీద మక్కువ ఉన్నవారు తమ కళ్ళ ముందు చెట్టు దిగిన లొట్టిని తప్ప మరి దేనిని నమ్మరాదు. అదియు మితము దాటరాదు. మక్కువ లేనివారు ఆరోగ్యము పేరుతో కొత్తగా అలవాటు చేసికొనవలసిన అవసరము లేదు. ఒంటికి చలువే కావలెనంటే వేసవిలో మూడు జిల్లాలలోనూ తాటి ముంజలు దొరుకుతాయి.