దుకాణం బంద్ పెట్టారు సరే, మూడోనాడు?

కల్తీ కల్లు ముచ్చట వచ్చిన ప్రతిసారీ మన దగ్గర ఒకటే మాట: బంద్ పెట్టుండ్రి. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగి పలువురు చనిపోయినప్పుడూ అదే వినిపించింది. ఇల్లు గుల్లయిన ఆడవాళ్లు ఆ మాట అంటే అందులో న్యాయముంది. టీవీల ముందు కూర్చున్న పెద్దమనుషులు అంటే మాత్రం నాకు తొందరపాటే కనిపిస్తుంది.

పాలమూరు కూలీ చేతిలోని సీసాలో ఏముందో ముందు చూడాలి. ఈతచెట్టు, తాటిచెట్టు ఇచ్చేది ఎంత, దుకాణాల్లో అమ్ముడయ్యేది ఎంత? చెట్టు ఎంత ఇచ్చినా సీసాల లెక్క తగ్గదు. ఆ లోటును నీళ్లు, తీపి, తెల్ల పౌడర్ పూడుస్తాయి. ఆ పౌడర్ డైజోఫాం (డయాజెపాం) కావచ్చు, అల్ప్రాజోలం కావచ్చు, క్లోరల్ హైడ్రేట్ కావచ్చు. మొదటి రెండూ గుబులుకూ నిద్ర పట్టకపోవడానికీ డాక్టర్లు కొద్దికాలం రాసిచ్చే మందులు. మన కూలీ వాటిని ఏళ్ల తరబడి, కొలత తెలియకుండా తాగుతున్నాడు. నాడులు వాటికి అలవాటు పడిపోతాయి. ఒక్కసారిగా ఆపితే రెండోనాటికో మూడోనాటికో చేతులు వణుకుతాయి, కంటికి కునుకుండదు, లేని మనుషులతో మాట్లాడతాడు. ఆ తర్వాత ఫిట్స్ వస్తాయి, పళ్ల మధ్య నాలుక తెగుతుంది. ప్రాణమూ పోవచ్చు. తాగినందుకు కాదు, తాగడం ఆపినందుకు!

ఇది ఊహ కాదు. 2015లో కల్తీ కల్లుపై గట్టిగా దాడులు జరిగాయి. ఉమ్మడి మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి జనం ఆసుపత్రులకు వరస కట్టారు, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల దాకా వచ్చారు. ప్రాణాలూ పోయాయి. దాడి ముందు నడిచింది, వైద్యం వెనకాల ఉరికింది. 2023 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్ పెద్దాసుపత్రి మళ్లీ ఇలాంటి రోగులను చూసింది. కారణం కల్లా కాదా అన్న వాదనే ఎక్కువ నడిచింది.

'అంటే అమ్మనీయమంటవా?' అని అడిగేవాళ్లుంటారు. అమ్మనీయొద్దు. అల్ప్రాజోలం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది. హైదరాబాద్ చుట్టుపక్కల దాన్ని తయారుచేస్తూ దొరికిన కేసులున్నాయి. పట్టుకోవాల్సింది అక్కడ. సీసాలు పగలగొట్టి ఫొటో దిగడం తేలిక, పౌడర్ వెనక పోవడమే కష్టం. గీత కార్మికుడి చెట్టు మీద పడితే ఒరిగేదేమీ లేదు.

దుకాణం మూయడానికి వారం ముందే ఊరి పీహెచ్‌సీకి కబురు అందాలి. ఎవరు రోజూ తాగుతారో ఆశా కార్యకర్తకు తెలుసు. అదే జాతి మందును డాక్టరు కొలిచి ఇచ్చి, వారాల మీద తగ్గించుకుంటూ రావాలి. ఇది కొత్త విద్యేం కాదు, ఏ మానసిక వైద్యుడిని అడిగినా చెబుతాడు.

నల్లగొండ సంగతి వేరు. అక్కడి రోగం బెల్టు షాపు. 2022 మునుగోడు ఉపఎన్నికలో మందు ఎట్లా పారిందో రాష్ట్రమంతా చూసింది. అదే నియోజకవర్గంలో ఎమ్మెల్యే కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి 2025లో షరతులు పెట్టారు: బెల్టు షాపులకు సరుకు పోవద్దు, పర్మిట్ రూములు సాయంత్రమే తెరవాలి. కొందరు నవ్వారు. నేను నవ్వను. పొద్దున్నే కూలి డబ్బులు దుకాణంలో పడకుండా వేళలు బిగించడం నిషేధం కన్నా పనికొచ్చే ఆలోచన. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధం 1997 దాటలేదు కదా! కాకపోతే ఎమ్మెల్యే షరతు చట్టం కాదు, పక్క మండలంలో చెల్లదు.

చట్టం చేయాల్సిన సర్కారేమో 2025లో మద్యం దుకాణాల దరఖాస్తుకు 3 లక్షలు తీసుకుంది. లాటరీలో పేరు రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. రాష్ట్రంలో దుకాణాలు 2,620. పల్లె దవాఖానల్లో కల్తీ కల్లు మాన్పించే మాత్రలకు పైసలు లేవని ఎవరైనా అంటే, లాటరీ తగలని ఒక్క దరఖాస్తు సొమ్ముతో ఎంతమందికి మందులొస్తాయో ఆరోగ్యశాఖ లెక్క కట్టి చెప్పాలి.