సైకిల్ అద్దె ఇచ్చిన మాస్టారు

అవనిగడ్డలో డీఎస్సీ కోచింగ్ తీసుకుంటున్నారా? బందరులోనో గుడివాడలోనో డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతూ, తర్వాత బీఈడీ చేద్దామా అనుకుంటున్నారా? అయితే తులసీదాస్ బలరామ్ కథ మీరు తెలుసుకోవాలి. జీకే బిట్టు కోసం మాత్రం కాదు.

1936లో సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో ఓ పేద ఇంట్లో పుట్టారాయన. కుర్రాడిగా ఫుట్‌బాల్ ఆడుతుంటే హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం కంట్లో పడ్డారు. ప్రాక్టీస్‌కు రమ్మంటే, అంత దూరం రావడానికి డబ్బుల్లేవన్నారు. రహీం సైకిల్ అద్దెకు డబ్బులిచ్చారు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో ఇరవై ఏళ్ల బలరామ్ ఉన్నారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఆడారు. అదే ఏడాది అర్జున అవార్డు వచ్చింది. 1963లో ఊపిరితిత్తుల జబ్బుతో ఆట ఆగిపోయింది. ఆడింది కొన్నేళ్లే అయినా, 2023లో కన్నుమూసేదాకా ఆ పేరు చెక్కుచెదరలేదు.

ఇంతకీ రహీం వృత్తి ఏమిటో తెలుసా? బడిపంతులు. ఆ మూడు జట్లకూ కోచ్ ఆయనే. జకార్తాకు వెళ్లేనాటికే క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. మరుసటి ఏడాదే చనిపోయారు.

టీచర్ పోస్టు అనగానే మనకు ముందు గుర్తొచ్చేది జీతం, డీఏ, సొంతూరికి దగ్గర్లో పోస్టింగ్. అందులో తప్పేం లేదు. ఇల్లు గడవాలి కదా! కానీ అక్కడితో ఆగిపోతే ఆ ఉద్యోగాన్ని మనం సగమే అందుకున్నట్టు. శిశు వికాసం పేపర్లో వైయక్తిక భేదాల గురించి బట్టీ పడుతున్నారు కదా. ఒక పిల్లాడికి ఆట వచ్చు, దారి ఖర్చు లేదు అని గుర్తించడమే ఆ పాఠం.

దివిసీమ లంక గ్రామాల నుంచి బడికొచ్చే ప్రతి పిల్లాడూ బలరామ్ కాడు, నిజమే. కానీ ఎవరు అవుతారో ముందే చెప్పలేం. అందుకే, మీకు పోస్టింగ్ వచ్చిన మొదటి వారంలో ఒక్క పని చేయండి. మీ క్లాసులో ఎవరు ఎంత దూరం నుంచి, ఎలా వస్తున్నారో అడగండి. పరీక్షలు దగ్గరపడ్డాయని గేమ్స్ పీరియడ్‌లో లెక్కలు చెప్పమంటే, అది పిల్లల పీరియడ్ అని హెడ్మాస్టరు గారికి మర్యాదగానే చెప్పండి.