మన గృహము: సాదా గదికి వస్త్రశోభ



గడచిన మాసమున మాకు అందిన జాబులలో ఒకటి మా మనస్సునుండి తొలగకున్నది. వ్రాసిన సోదరి కోరినట్లు ఆమె పేరును, ఊరును ఇచట ప్రకటింపము. భర్తకు బదిలీ యగుటచే వారొక క్రొత్త పట్టణమునకు వచ్చి రెండు గదుల అద్దెయింట కాపురము పెట్టిరి. గోడలు వట్టి తెలుపు. కిటికీలకు ఇనుప కమ్ములు తప్ప వేఱొండు లేదు. గోడకు ఒక్క మేకైనను కొట్టరాదని ఇంటివారి కట్టడి. ఆ సోదరి ఇట్లు వ్రాసినది:

"సంక్రాంతికి వచ్చిన మా ఆడుబిడ్డ గది నలుమూలలు చూచి, 'సత్రమువలె నున్నదే వదినా!' అని నవ్వినది. నా మనస్సు చివుక్కుమన్నది. వాయిదాలమీద సోఫాయు, పరదాలును కొందమని మా వారనుచున్నారు. మునుపు కొన్న వస్తువులకే ఇంకను వాయిదాలు కట్టుచున్నాము. మా అమ్మ పోయిన పిదప నాకు వచ్చిన పెట్టెలో పదునొకండు చీరలున్నవి. వానిని ముట్టుటకు చేతులు రాకున్నవి. నేనేమి చేయుదును?"

ఈ ప్రశ్న ఆమె ఒక్కతెది కాదు. అద్దె యిండ్లలో కాపురము చేయు సోదరీమణులు ఎందరో ఇట్టి చిక్కునే యెఱుగుదురు. కావున ఈ మాసపు పుటలను దీనికే వినియోగించుచున్నాము.

మొదటి మాట: అప్పుచేసి పప్పుకూడు తినవలదని పెద్దలు ఊరక చెప్పలేదు. పాత వాయిదాలు తీరకమునుపే క్రొత్త వాయిదాలు కట్టుకొని తెచ్చిన సోఫాపై కూర్చున్నవారికి నెలనెలా మొదటి తేదీ ముల్లువలె గ్రుచ్చుకొనును. గదికి సొంపు తెచ్చుటకు కుర్చీలు, బల్లలకంటె ముందు కావలసినది వస్త్రము. అది వెలుతురును మెత్తబఱచును. దాచదగిన దానిని దాచును. కంటికి రంగును ఇచ్చును. ఇల్లు మాఱినపుడు మడచి పెట్టెలో పెట్టుకొని పోవచ్చును.

రెండవ మాట: తెల్లని గోడ లోపము కాదు. ఎఱ్ఱమట్టితో అలికిన అరుగుమీద ముగ్గు ఎంత చక్కగా తేలునో, తెల్లని గోడ ప్రక్క రంగువస్త్రము అంత చక్కగా తేలును. అయితే ఒక గదికి ఒక ముఖ్యమైన రంగును, దానికి తోడుగా ఇంకొక రంగును చాలును. మూడవది గోడ తెలుపే. కిటికీకి ఒకటి, తలుపునకు ఒకటి, దిండ్లకు ఇంకొకటిగా అయిదాఱు రంగులు చేరినచో చిన్న గది మఱింత యిఱుకుగా తోచును. కొనుటకు పూనుకొనకమునుపు ఒక దినము ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము ఆ గదిలో కూర్చుండి ఎండ ఏ కిటికీనుండి ఎంతసేపు వచ్చుచున్నదో గమనింపుడు. పడమటి కిటికీకి దట్టమైన వస్త్రము కావలెను. ఉత్తరపు కిటికీకి పలుచని మల్లుగుడ్డయే చాలును.

ఇక కొలత. తెర అందముగ కుచ్చులు పడవలెనన్న గుడ్డ వెడల్పు కిటికీ వెడల్పునకు ఒకటిన్నర మొదలు రెండు రెట్లుండవలెను. నాలుగడుగుల కిటికీకి ఆఱు మొదలు ఎనిమిది అడుగుల గుడ్డ యన్నమాట. పొడవునకు పైన కఱ్ఱ దూర్చు మడతకు మూడంగుళములు, క్రింది మడతకు నాలుగంగుళములు అదనముగా చేర్చుకొనవలెను.

ఇచట మన చీర ఎంతటి ఉపకారియో చూడుడు. అయిదున్నర మీటర్ల నేతచీర పొడవు సుమారు 216 అంగుళములు; వెడల్పు సుమారు 45 అంగుళములు. ముందుగా కొంగువైపు 34 అంగుళములు వేఱుచేయుడు. మిగిలిన 182 అంగుళములను సరిసగముగా కత్తిరించినచో 91 అంగుళముల తెరలు రెండు వచ్చును. ఏడడుగుల ఎత్తుగల గుమ్మమునకు 84 అంగుళములు, మడతలకు ఏడంగుళములు: లెక్క సరిపోయినది. రెండు తెరల వెడల్పు కలిసి ఏడున్నర అడుగులు. చీర అంచులు తెరలకు ఇరుప్రక్కల నిలువుగ వచ్చును గనుక ప్రక్కలు కుట్టుపని కూడ లేదు. వేఱుచేసిన కొంగులో 17 అంగుళముల చదరపు ముక్కలు నాలుగు వచ్చును. వానితో 16 అంగుళముల దిండ్లకు రెండు గలీబులు కుట్టవచ్చును. ఒక్క చీరతో గుమ్మమునకు తెరలు, రెండు దిండ్లకు తొడుగులు! కుట్టుమిషను లేనివారు చేతికుట్టుతోనే రెండు మధ్యాహ్నములలో ముగింపవచ్చును.

పాత చీర ఉతికి ఉతికి కుదించుకొనవలసినంత కుదించుకొనియే యుండును. క్రొత్తగుడ్డ యైనచో కత్తిరింపకమునుపు ఒక రాత్రి నీట నానబెట్టి, ఆరవేసి, ఇస్త్రీ చేసిన పిమ్మటనే కొలువవలెను. ఈ మాట మేము అనుభవముచే చెప్పుచున్నాము. ఒకప్పుడు మేము తొందరపడి క్రొత్త నూలుగుడ్డను కిటికీకి సరిగా కొలిచి తెరలు కుట్టితిమి. మొదటి ఉతుకునకే అవి నాలుగంగుళములు పైకి పోయినవి. ప్రక్కింటి పిల్లలు చూచి, "మీ కిటికీ నిక్కరు తొడుగుకొన్నది" అని చప్పట్లు కొట్టిరి. వారి నవ్వు ఇప్పటికిని మా చెవులలో నున్నది.

మేకు కొట్టరాదన్న కట్టడికిని ఉపాయములున్నవి. కిటికీ చట్టమునకు ఇరుప్రక్కల ఒత్తుకొని నిలుచు స్ప్రింగు కడ్డీలు అంగళ్ళలో దొరకును. అదియు వలదన్నచో తెర పైయంచునకు జానెడు జానెడు నాడాలు కుట్టి కిటికీ కమ్ములకే ముడివేయవచ్చును. ఉతుకవలసినపుడు ముడులు విప్పుట నిమిషముల పని. తలుపులు లేని గోడ అలమరలకును, గిన్నెలు కనబడు అరలకును ఇట్లే పొట్టితెరలు కట్టినచో గదిలోని చిందరవందర సగము కంటికి కానరాదు.

కూర్చుండు చోటునకు సోఫాయే కానక్కఱలేదు. ఇంటనున్న ఇనుప ట్రంకుపెట్టెను గోడ ప్రక్కకు జరిపి, దానిపై మడచిన బొంతను పఱచి, పైన జంపఖానా కప్పి, బూరుగు దూది దిండ్లు రెండు వేసినచో ఇద్దఱు హాయిగా కూర్చుండవచ్చును. చినిగిన నూలుచీరలను పొరలుగా పేర్చి దూరదూరముగ కుట్లు వేసి బొంతలు కుట్టుట మన అవ్వలకు వెన్నతో పెట్టిన విద్య. జంపఖానా కొనవలెనన్నచో ఓరుగల్లు నేతను చూడుడు. రెండు ప్రక్కలను పఱచుకొనవచ్చును, బహుకాలము మన్నును. దానికి 2018లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది.

క్రొత్తగా కొనుటకు కొంచెము సొమ్మున్నచో అయిదు నాసిరకపు గుడ్డలకంటె ఒక్క మంచి గుడ్డ మేలు. బందరు ప్రక్కనున్న పెడన కలంకారీనే చూడుడు. చెక్క అచ్చులతో అద్ది, కరక్కాయ, పటిక మొదలగువానితో రంగు పట్టించు ఈ విద్య మన తీరమున నూఱేండ్ల తరబడి వచ్చుచున్నది. పదునేడవ, పదునెనిమిదవ శతాబ్దములలో మన కోరమండల తీరపు అద్దకపు గుడ్డలు ఓడలెక్కి ఐరోపాకు పోయి, అచటి శ్రీమంతుల మంచములకు తెరలును, గోడలకు అలంకారములును అయినవి. వానిపై అచటివారికి గల మోజు చూచి తమ నేతగాండ్రు చెడుదురని భయపడి ఫ్రాన్సు దేశము 1686లో ఆ గుడ్డలను నిషేధించినది. ఇంగ్లండు 1721లో వాని వాడుకనే నిషేధించుచు చట్టము చేసినది. దొరసానులు చాటుగా దాచుకొన్న గుడ్డ మన యింటి కిటికీకి వ్రేలాడుట చిన్నతనమా?

అయితే కొనునపుడు కన్ను తెఱచి కొనవలెను. మరమగ్గపు గుడ్డపై యంత్రముతో అచ్చువేసిన కలంకారీ పూవులును, పోచంపల్లి గళ్ళును నేడు బజారునిండ నున్నవి. చవుకగా దొరికిన వానిని కొనుట తప్పని మేమనము. కాని చేనేత వెల పెట్టి యంత్రపు గుడ్డను తెచ్చుకొనరాదు. పోచంపల్లి నేతలో నూలును ముందే ముడులు కట్టి రంగులద్ది పిమ్మట నేయుదురు గనుక రంగు ఇరుప్రక్కల ఒక్కరీతిగ నుండును. బొమ్మల అంచులు కొంచెము చెదరినట్లు కనబడును. పైపై అచ్చువేసిన గుడ్డకు వెనుకప్రక్క సాధారణముగా వెలవెలబోవును. చేతి అచ్చు కలంకారీలో అచ్చునకును అచ్చునకును నడుమ అతుకు అచ్చటచ్చట కొంచెము తప్పియుండును. అది లోపము కాదు, మనుష్యుని చేతి గుర్తు. 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్కు ఉన్నదేమో కూడ చూచుకొనుడు. మనమిచ్చు పైకము మగ్గము ముందు కూర్చున్న కుటుంబమునకు చేరవలెనన్నచో ఈ మాత్రపు జాగ్రత్త వలయును.

పోషణ గుఱించి నాలుగు మాటలు. కలంకారీని ఇతర బట్టలతో కలుపక చన్నీట వేఱుగ ఉతికి నీడను ఆరవేయవలెను. ఎండ తగులు కిటికీ తెరలకు వెనుక తెల్లని గుడ్డ అస్తరు వేసినచో రంగు త్వరగ వెలియదు. తెరలు దుమ్మును పట్టును గనుక నెలకొకసారి యైనను ఉతుకుట మంచిది. ఇంట ఉబ్బసము గలవారున్నచో మఱింత తఱచుగా ఉతుకవలెను. పొయ్యి దాపునను, దేవునియెదుటి దీపము దాపునను ఏ తెరయు వ్రేలాడరాదు. గాలికి ఎగిరిన తెరచెంగు దీపమును అందుకొన్నచో కలుగు అనర్థము చెప్పనలవి కాదు.

ఇక ఆ సోదరి పెట్టెలోని చీరల మాట. ఇంతసేపు మేము దీనినే వాయిదా వేయుచు వచ్చితిమి, ఏలన ఇది కత్తెరతో తేలు పని కాదు.

మా తల్లిగారు పోయిన పిదప ఆమె పట్టుచీర నొకదానిని మేమును పెట్టెలో దాచితిమి. చూచినచో దుఃఖము వచ్చునని పండ్రెండేండ్లు ఆ మూత తెఱువలేదు. తుదకు ఒక పెండ్లికి కట్టుకొందమని తీసితిమి. విప్పిన చీర మడతమడతకును చీలి మా చేతులలోనికి పట్టీలు పట్టీలుగ వచ్చినది. ప్రాణముతో సమానముగ దాచితిమని అనుకొన్నదానిని మేమే చెఱచితిమి. ఆ దినము మేము ఏడ్చినది చీరకొఱకే కాదని చదువరులు గ్రహింపగలరు.

కావున, అమ్మా, ముందుగా ఆ పెట్టె తెఱువుము. ఒంటరిగా తెఱువవలదు, నీ భర్తనో, తోబుట్టువునో ప్రక్కన కూర్చుండబెట్టుకొనుము. పట్టుచీరలను, జరీచీరలను వేఱుచేయుము. వానిని కత్తిరింపవలదు. ఉతికిన తెల్లని నూలుగుడ్డలో చుట్టి, మూడు నాలుగు మాసముల కొకసారి గాలికి ఆరవేసి, పాత మడతలు మార్చి మడువుము. కలరా ఉండలు జరీకి తగులరాదు. పండుగలకు వానిని కట్టుకొనుము. కట్టుటకే నేసిన చీరలవి.

మిగిలినవి మీ అమ్మగారు దినదినమును కట్టిన నూలుచీరలై యుండును. వానిలో నీ మనస్సు ఒప్పిన రెండింటిని మాత్రము తీసికొనుము. ఒకటి గుమ్మపు తెర యగును. రెండవది ట్రంకుపెట్టెపై వేయు బొంతకు పైపొర యగును. మనస్సు ఒప్పనిచో ఒకటియు కత్తిరింపవలదు. చీరను నిలువునకు మడచి కుట్టు లేకయే కడ్డీపై వ్రేలాడవేసినను తెరగానే యుండును, కావలసినపుడు మరల చీరయే యగును. ఏ చీరచెంగుతో మీ అమ్మగారు నీ ముఖము తుడిచినదో ఆ చీర నీ గుమ్మమున గాలికి కదలుట ఆమెకు అవమానము కాదని మా నమ్మకము.

మీ ఆడుబిడ్డ మాట మనస్సున పెట్టుకొనకుము. మరల వచ్చినపుడు సూదియు దారమును చేతికిచ్చి, "ఈ క్రింది మడత కొంచెము కుట్టి పెట్టు" మని కోరుము. తాను కుట్టిన తెరను ఎవరును ఎగతాళి చేయరు. సత్రమున గోడలుండును, కప్పుండును, చాపలును ఉండును. అచట లేనిది ఒక్కటే, ఎవరో ఒకరు తమదని తలచి ఉతికి, మడచి, సరిచేసిన గుడ్డ. అది నీ యింటికి వచ్చిననాడు ఆ మాట దానంతట అదియే పోవును.

ఏ చీరలను తీసితివో, ఏ చీరలను ఉంచితివో తీఱికగా మాకు వ్రాయుము. తక్కిన సోదరీమణులును తమ తమ గదుల కొలతలను, అనుభవములను వ్రాసి పంపగోరుచున్నాము. వచ్చు మాసమున వేసవి యెండలకు వట్టివేళ్ళ తడికలను గుఱించియు, పడమటి గదిని చల్లబఱచు ఉపాయములను గుఱించియు ముచ్చటింతము.